మా ఆడబిడ్డ కడుపుకు పట్టీ

మా మరిది సర్జన్. ఈ ముక్క ముందే చెప్తున్నాను, ఎందుకంటే ఆయన ఎవరికైనా తనను తాను పరిచయం చేసుకునేటప్పుడు పేరు కంటే ముందు అదే చెప్పేవాడు. నారాయణగూడలో ఒక మందుల దుకాణం మీది అంతస్తు కిరాయికి తీసుకుని నర్సింగ్ హోం నడిపేవాడు. అపెండిక్స్, హెర్నియా, పిత్తాశయంలో రాళ్ళు, ఇవీ ఆయన పనులు. చెయ్యి మంచిదే. ఆ విషయంలో అబద్ధమాడను. ఒక మనిషి మీద ఎంత కోపమున్నా వాని చేతి పనిని తక్కువ చేసి మాట్లాడటం నాకు రాదు. వాని నోటి గురించి మాత్రం ఎంతసేపైనా మాట్లాడతాను.

తొంభైల నడిమి సంవత్సరాలవి. కేబుల్ టీవీ వచ్చింది, దాంతోపాటు అందాల పోటీల పిచ్చి వచ్చింది. చిక్కడపల్లి సందుల్లో టైపు ఇన్‌స్టిట్యూట్‌లు మూసేసి సన్నబడే సెంటర్లు తెరిచారు. నిన్నటిదాకా ఆడపిల్ల పుష్టిగా ఉందని మురిసిన తల్లులే పిల్లను బలవంతాన లాక్కొచ్చి అక్కడ బెల్టుల మెషిన్ మీద నిలబెట్టేవాళ్ళు. ఆ గాలి మా మరిదికీ తగిలింది. ఏదో సర్జన్ల సభ అని బయటి దేశం పోయివచ్చినప్పటి నుంచి ఒకటే పాట. లావు తగ్గడానికి లోపల పట్టీ వేస్తారట.

సంగతి ఇది. జీర్ణాశయం పైభాగాన రబ్బరు పట్టీ చుట్టి బిగిస్తారు. పట్టీ పైన చిన్న సంచిలాగా కొంత కడుపు మిగులుతుంది. నాలుగు ముద్దలకే అది నిండుతుంది, ఇక చాలనిపిస్తుంది, మనిషి తినడం ఆగిపోతుంది. పట్టీ లోపలి వైపు సన్నని బుడగ ఉంటుంది. చర్మం కింద ఒక బిళ్ళ కుట్టిపెడతారు. ఆ బిళ్ళలోకి సూదితో ఉప్పునీళ్ళు ఎక్కిస్తే బుడగ ఉబ్బి పట్టీ బిగుస్తుంది, నీళ్ళు లాగేస్తే వదులవుతుంది. అక్కడివాళ్ళ పట్టీ తెప్పించుకునే స్తోమత ఇక్కడ ఎవరికుంటుంది, మనమే తయారు చేద్దామని ఆయన పథకం.

"వదినా, నీ ఫిజిక్స్ జీవితంల ఎప్పుడన్న పనికొచ్చిందా?" అంటూ వచ్చాడు ఒక సాయంత్రం. మా మరిది సాయం అడిగే పద్ధతి అట్లా ఉంటుంది.

"డాక్టర్ సాబ్, నా ఫిజిక్స్ ఒక్కసారే పనికొచ్చింది. నువ్వు ఇంటర్‌ల ఫిజిక్స్ లెక్కలు రాక ఏడుస్తుంటే రాత్రిళ్ళు కూసోబెట్టి చెప్పిన. నీకు మెడిసిన్ సీటు వచ్చింది. గంతకంటె ఎక్కువ నష్టం చెయ్యలే నేను."

నేను నారాయణగూడలోనే ఒక ఆడపిల్లల కాలేజీలో ఫిజిక్స్ లెక్చరర్‌ని. పదిహేనేళ్ళుగా అవే ద్రవాల ఒత్తిళ్ళు, అవే గొట్టాలు, నల్లబల్ల మీద అవే బొమ్మలు. ఒత్తిడి గురించి చెప్పడం తప్ప చేత్తో ఒక వస్తువు చేసింది లేదు. అందుకే తిడుతూనే ఒప్పుకున్నాను.

అశోక్ నగర్ వెనక సందులో కుక్కర్ గ్యాస్కెట్లు, వాషర్లు అచ్చుపోసే చిన్న షెడ్డు ఉండేది. కాలిన రబ్బరు వాసన. చుట్టూ గ్రూప్ వన్, గ్రూప్ టూ అంటూ జిల్లాల నుంచి వచ్చిన పిల్లలుండే హాస్టళ్ళు. కాలేజీ అయిపోగానే పోయి, చీర కొంగు నడుముకు చుట్టి, ఆసుపత్రి సరుకు అమ్మేవాళ్ళ దగ్గర తెచ్చిన సిలికాన్‌తో అచ్చులు పోయించేదాన్ని. మొదటి పట్టీలు చూస్తే నవ్వొచ్చేది, పాత చెప్పు వారులా ఉండేవి. బుడగ ఒక్కటే పొడుగ్గా పెడితే ఉబ్బినప్పుడు లోపల ముడత పడుతుంది. ఆ ముడత ఒత్తుకున్న చోట రేపు కడుపు గోడ కోసుకుపోదా? బుడగను చిన్న చిన్న దిండ్లుగా విడగొట్టాను. ఒకదాని నుంచి ఇంకోదానికి నీళ్ళు పోయేలా సన్నని దారి పెట్టాను. బకెట్ నీళ్ళలో ముంచి, పంక్చర్ అతికేవాళ్ళలాగా గాలి బుడగలు వస్తున్నాయా అని చూసేదాన్ని. అది నా ఆలోచనే. మరిది తర్వాత మీటింగుల్లో "మేము ఆలోచించినం" అనేవాడు. ఆ 'మేము'లో నేనెక్కడున్నానో నాకెప్పుడూ కనపడలేదు.

పట్టీ కొసల్ని కలిపి బిగించే కొక్కెం దగ్గర పెద్ద తగాదా అయింది. కరెంటు పనివాళ్ళు వైర్లు కట్టడానికి వాడే ప్లాస్టిక్ పట్టీలాంటిది చాలన్నాడు ఆయన. ముందుకే పోతుంది, వెనక్కి రాదు.

"మరి తియ్యాలంటే?"

"తీసుడెందుకు వదినా? ఏసుడే తియ్యకుండ ఉండేటందుకు."

"రేపు ఏసుకున్నామె కడుపుతోటుంటే? జ్వరమొచ్చి పది రోజులు గంజి తప్ప దిగకపోతే? నీ ఇంటి తలుపుకు లోపలి నుంచి గడియ ఉన్నదా లేదా? గా గడియ పీకేస్త, ఊకుంటవా?"

కొక్కెం తీసేందుకు వీలుగానే చేశాను. ఆయన వారం రోజులు మాట్లాడలేదు. ఆ వారం ఇల్లు ఎంత ప్రశాంతంగా ఉందో చెప్పలేను.

పరీక్షకు గొర్రె కడుపు కావాల్సి వచ్చింది. మార్కెట్టుకు నేనే పోయాను. చిన్నదైనా చిరుగులు లేకుండా నిండుగా ఉండాలని నేను నాలుగింటిని తిప్పి తిప్పి చూస్తుంటే, కోసే ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. "బోటి గింత శౌఖ్‌గ కొనేటోళ్ళను నేన్ చూడలే అమ్మా. ముక్కలు కొట్టియ్యాల్నా?" అన్నాడు. ముక్కలొద్దన్నాను. ఇంటికి తెచ్చి ఫ్రిజ్‌లో పెడితే మా అత్తమ్మ ఆ పూట బోటి కూరకని అల్లం వెల్లుల్లి దంచుకుని కూర్చుంది. అది మరిది నర్సింగ్ హోంకు పోతుందని చెప్పేసరికి, "ఇంట్ల కొడుకు నోట్ల ముద్ద తీసి ఆసుపత్రికి దానం చేస్తున్నవా?" అని రెండు రోజులు సాధించింది. ఆ ఆసుపత్రీ నీ కొడుకుదే అని చెప్పినా వినలేదు.

నర్సింగ్ హోం వెనక గదిలో, గొర్రె కడుపును స్టాండుకు వేలాడదీసి, పట్టీ చుట్టి, పైనుంచి తిండి పోసి చూశాం. మరిది, ఆయన స్నేహితుడు మత్తు డాక్టరు, నేను. నమిలినట్టుగా మెత్తగా నలిపిన చపాతీ, కూర ముక్కలు. పైన సంచి నిండింది. కింద ఒక్కొక్క చుక్కా జారింది. నీళ్ళు ఎక్కిస్తే ఆగింది, తీస్తే కదిలింది. నా దిండ్లు ఒక్క ముడత పడకుండా గుండ్రంగా పట్టుకున్నాయి. నేను చేసిన వస్తువు చెప్పినట్టు వినడం చూసి నాకు నిజంగా గర్వమనిపించింది. ఇంట్లో మనుషులు ఎవరూ అట్లా వినరు.

ఆ గర్వంలో ఉండగానే మరిది అన్నాడు: "ఇగ మనిషికి ఏద్దం. మొదటి కేసు అక్కే."

అక్క అంటే నా ఆడబిడ్డ. మా ఆయనకు చెల్లెలు, మరిదికి అక్క. ఆమె భర్తకు ఎప్పుడూ ఊరూరా బదిలీల ఉద్యోగం, ఆమెకు అశోక్ నగర్‌లో స్కూలు టీచరు ఉద్యోగం. అందుకని మా ఇంట్లోనే, తల్లి దగ్గరే ఉండేది. లావుగా ఉండేది. ముద్దుగా బొద్దుగా అని మాట మార్చను, లావే. మూడో అంతస్తులో ఆమె క్లాసు. మెట్లెక్కి పైకి చేరేసరికి పాఠం చెప్పే ఊపిరి మిగిలేది కాదు.

"ఎవరిని అడిగి?" అన్నాను.

"అక్కను అడిగిన. ఒప్పుకున్నది. ఎథిక్స్ కమిటీ గూడ అయిపోయింది."

"కమిటీల ఎవరున్నరు?"

మత్తు డాక్టరు పక్కకు చూశాడు. కమిటీ అంటే ఆయన, మరిది, కింద మందుల దుకాణం యజమాని.

ఇంటికొచ్చి వంటింట్లోనే ఆడబిడ్డను పట్టుకున్నాను. బియ్యం కడుగుతోంది.

"మొట్టమొదటి మనిషివి నువ్వేనంట. తెలుసా? ఇప్పటిదాంక గొర్రెకే చేసినం."

"తెలుసు."

"పొట్ట కోస్తరు. ఏం తెలుసు నీకు?"

"నీకేం తెలుసు వదినా?" అంది తిరగకుండానే. "నువ్వు ఎండిన బొమ్మిడాయి చేప లెక్క ఉంటవ్. ఆటోవాడు నన్ను చూసి ఇద్దరి చార్జీ అడుగుతడు. పిల్లగాండ్లు బోర్డు మీద ఏనుగు బొమ్మ ఏసి తొండానికి నా కండ్లద్దాలు పెట్టిర్రు. మోకాళ్ళు రాత్రంత గుంజుతయి. నా కడుపు, నా తమ్ముడు. నడిమిట్ల నువ్వెవరు?"

"పట్టీ చేసినదాన్ని."

"చేసినవ్ కద? సంతోషం. ఇగ ఇయ్యి."

  ఆమె అడిగింది అన్యాయం కాదు. రోజూ మెట్లెక్కేది ఆమె, నవ్వులపాలయ్యేది ఆమె. ఆపరేషన్ వద్దనే హక్కు నాకు లేదు. కానీ ఏదో తప్పు జరుగుతోందని అనిపిస్తూనే ఉంది, ఏమిటో తేలలేదు.

మర్నాడు నర్సింగ్ హోంలో ఆమె కేసు కాగితం చూస్తే తేలింది. తిండి అలవాట్లు అన్నచోట మరిది చేతిరాతతో ఉంది: పొద్దున చాయ్, మధ్యాహ్నం రెండు చపాతీలు కూర, రాత్రి కొంచెం అన్నం.

"ఇది ఎవరు చెప్పిర్రు?"

"అక్కనే చెప్పింది. చెప్పకున్న నాకు తెల్వదా? పుట్టినప్పటి సంది చూస్తున్న."

"ఏం చూసినవ్? మీ అక్క అన్నం తినంగ ఎప్పుడన్న చూసినవా?"

"చూడకుంట ఎట్లుంట?" అని, ఆగాడు. ఎదురుగా గోడ మీది క్యాలెండర్‌కేసి చూశాడు. మనిషి నిజంగా గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించాడు, అది ఒప్పుకుంటాను. "వడ్డిస్తది కద ఎప్పుడు..." అన్నాడు.

మా ఇంట్లో ఆడవాళ్ళు తినడం మగవాళ్ళు చూసి ఎరుగరు. దాచేది ఏమీ లేదు, పద్ధతే అది. ముందు మగవాళ్ళు, పిల్లలు, వచ్చినవాళ్ళు. తర్వాత అత్తమ్మ. అందరూ లేచి, బల్ల తుడిచి, వంటింటి తలుపు ఓరగా వేసుకున్నాక మేమిద్దరం. నేను తినేదాన్ని పక్కనే కాబట్టి ఆడబిడ్డ ఎట్లా తింటుందో నాకు తెలుసు. స్టాఫ్ రూంలో పదిమంది ముందు రెండు చపాతీల డబ్బా, అది నిజమే. నాలుగింటికి ఇల్లు చేరి, నిలుచున్న చోటే పొద్దుటి అన్నంలో మజ్జిగ పోసి జుర్రుకునేది. రాత్రి గిన్నె అడుగున అన్నం, గంటెడు పులుసు, మీద మజ్జిగ. మళ్ళీ ఎవరో పిలిచేలోగా అయిపోవాలి కాబట్టి జారిపోయేట్టు కలుపుకునేది. అన్నం పారేయకూడదు గనక మిగిలిందంతా ఆమెదే. మగవాళ్ళు బాగా తిన్న రోజు ఆమెకు తక్కువ, వాళ్ళు బయట తినివచ్చిన రోజు ఆమెకు రెండింతలు. ఆమె ఎంత తినాలో ఆమె ఆకలి తేల్చేది కాదు, గిన్నె తేల్చేది. మా మరిది వచ్చి ఆ ఆకలికి పట్టీ వేస్తానంటున్నాడు.

"వెనక గదిల గొర్రె కడుపు ఉన్నదా?" అన్నాను.

నా డబ్బాలో మజ్జిగన్నం ఉంది. మెత్తగా పిసికి, ఆమె కలుపుకునేంత పలుచగా చేసి, పైనుంచి పోశాను. నల్లా తిప్పినట్టు దిగిపోయింది. పట్టీని ఎంత వీలైతే అంత బిగించమన్నాను. ఇంకొంచెం నెమ్మదిగా, కానీ దిగింది. మిగిలినదీ పోశాను. అదీ దిగింది. తర్వాత చపాతీ ముక్క నమలకుండా, హడావిడిగా మింగినంత ముక్క వేశాను. టక్కున పట్టీ దగ్గర దారికి అడ్డం పడింది. వెనక పోసిన నీళ్ళు పైకి పొంగి నా చేతి మీదుగా కారాయి.

"చూస్తివా? మీ అక్క తినేది నీ పట్టీ ఆపదు. ఆపేది ఆమె తినదు. హడావిడిగ తిన్ననాడు కక్కుకుంటది."

"నీ పట్టీ అంటవేంది? నువ్వే కద చేసినవ్?"

"నువ్వు చెప్పిన మనిషికి చేసిన. గా మనిషి మన ఇంట్ల లేదు."

ఆయన వెనక్కి తగ్గే రకం కాదు. "గందుకే డైట్ షీట్ ఇస్తం వదినా. నువ్వేదో కొత్త సంగతి కనిపెట్టినట్టు మాట్లాడుతున్నవ్" అని ఒక కాగితం తీసి చదివాడు. పేషెంటు కుదురుగా కూర్చుని తినాలి. ప్రతి ముద్దా బాగా నమలాలి. అరగంట పట్టాలి. మధ్యలో నీళ్ళు తాగకూడదు. మధ్యలో లేవకూడదు. చాలనిపించగానే ఆపాలి, మిగిలింది వదిలేయాలి.

వింటూ నవ్వాను. నా నవ్వు అంటే ఆయనకు పడదు.

"సరే డాక్టర్ సాబ్. ముందు గీ కాగితం పనిచేస్తదో లేదో చూద్దం. కత్తి తర్వాత. ఒక నెల మీ అక్క గిట్ల తినాలె. మీ అందరితోటి బల్ల మీద, అదే టైముకు, అరగంట. గట్ల తింటే పట్టీ నేనే తెచ్చి నీ చేతిల పెడత. గప్పటిదాంక అచ్చు నా దగ్గర్నే ఉంటది."

"బ్లాక్‌మెయిల్ చేస్తున్నవా?"

"అవ్."

ఇంట్లో ఈ సంగతి చెప్పగానే మా అత్తమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. మగవాళ్ళ సరసన కూర్చుని ఆడపిల్ల తినడం అనేది ఆమెకు పొట్ట కోయడం కంటే ఎక్కువ భయంగా ఉంది. మా ఆయన పేపర్ మడిచి, ఇంకోవైపు తిప్పి, మళ్ళీ చదువుకున్నాడు. ఆడబిడ్డ మాత్రం నా మీద కోపంతోనే ఒప్పుకుంది.

"నెలేంది వదినా, ఏడాది కూసుంట. కూసునుడు గూడ ఒక పనేనా? నెలయినంక నువ్వు మళ్ళొక కత చెప్తవ్, నాకు తెలుసు."

"చెప్ప."

"అందరి ముంగట చెప్పు."

అందరి ముందూ చెప్పాను.

ఆదివారంతో మొదలైంది. మటన్, పచ్చిపులుసు, అన్నం. బల్లకు ఒక పక్క మా ఆయన, మరిది. ఇంకో పక్క అత్తమ్మ, ఆమె పక్కన ఆడబిడ్డ. కంచాలు, గిన్నెలు, నీళ్ళ గ్లాసులు అన్నీ ముందే సర్ది పెట్టాను, ఎవరికీ ఏ కొరతా లేకుండా. నేను వంటింటి గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడ్డాను, వడ్డించేది లేదని ముందే చెప్పి.

ఆడబిడ్డ సిగ్గుపడింది. నలభై దగ్గర పడ్డ మనిషి, నాలుగొందల మంది పిల్లల్ని అదిలించే మనిషి, సొంత అన్న ముందు నోట్లో ముద్ద పెట్టుకోవడానికి తల పక్కకు తిప్పుకుంది. తమ్ముడు చెప్పినట్టు చిన్న ముద్ద చేసుకుని నమిలింది. ఇంకొకటి.

"మంచినీళ్ళు" అన్నాడు మా ఆయన, ఎవరినీ ఉద్దేశించకుండా, గాలిలోకి. తన గ్లాసు ఖాళీ అయింది, జగ్గు బల్ల ఆ చివర ఉంది. ఆడబిడ్డ లేచింది. ఎంగిలి చెయ్యి ఎత్తిపట్టుకుని ఎడమచేత్తో నీళ్ళు పోసి వచ్చి కూర్చుంది.

 నేను గడియారం వైపు చూశాను.

"బువ్వ చల్లగైంది. వేడిది జర తే బిడ్డా" అంది అత్తమ్మ. ఆడబిడ్డ లేచింది. నా పక్కనుంచే వంటింట్లోకి పోయింది, నా మొహం చూడకుండా వచ్చింది. కూర్చోగానే ఈసారి ముద్ద పెద్దదైంది, నమలడం తగ్గింది. పోయిన టైము కలుపుకోవాలి కదా. వేలితో లెక్కపెట్టినట్టు తెలుస్తోంది నాకు.

వాకిట్లో ఎవరో గేటు కొట్టారు. లేచింది. వచ్చింది. గబగబా రెండు ముద్దలు.

అప్పుడు మరిది, ఎముక చీకుతూ, కంచంలోంచి తలెత్తకుండా, "అక్కా, ఉల్లిగడ్డ నాలుగు ముక్కలు కోసుకరా జర" అన్నాడు.

ఆమె కుర్చీలోంచి సగం లేచింది. చెయ్యి బల్ల మీద ఆనించి, ఆ సగంలోనే ఆగిపోయింది. మళ్ళీ కూర్చుంది. కుర్చీ కిర్రుమంది.

"తమ్మీ, పట్టీ ఏసినంక గిట్ల నడిమిట్ల లేస్తే ఏమైతది?"

ఆయన డాక్టరు కదా, అడిగితే చెప్తాడు. "లేవద్దక్కా. లేసి వచ్చి గబగబ తింటే ముద్ద ఇరుక్కుంటది, కక్కుకుంటవ్. మస్తుసార్లు గట్లయితే పట్టీ జారుతది. మళ్ళ కొయ్యాల్సొస్తది."

"మరి ఇప్పుడు నన్ను ఎన్నిసార్లు లేపిర్రు?"

 మా ఆయన పచ్చిపులుసులో మిరపకాయ వెతుక్కున్నాడు.

"అలవాటుల అన్న అక్కా. ఆపరేషన్ అయినంక ఎవ్వరు లేపరు."

"ఆపరేషన్ నా కడుపుకు చేస్తున్నవ్. మీ నోళ్ళకు చేస్తలేవు కద?"

"ఉల్లిగడ్డకు గింత లొల్లా? నేన్ తెస్త తియ్" అంటూ అత్తమ్మ కదిలింది.

"కూసో అమ్మా!" అంది ఆడబిడ్డ. ఆ గొంతు స్కూల్లోది. అత్తమ్మ కూర్చుంది. ఆడబిడ్డ తమ్ముడి వైపే చూస్తోంది. "నాకు వద్దు తమ్మీ. పేగులు కోసి లోపల తాళం ఏస్తవు, బయట నువ్వే పిలుస్తవు. నడిమిట్ల కక్కుకునేది నేను. గీ ఇంట్ల ఉన్నన్ని రోజులు నాకు నీ పట్టీ వద్దు."

మరిది కంచం తోసేసి నా మీదికి తిరిగాడు. "అంత నువ్వే నేర్పిచ్చి మాట్లాడిపిస్తున్నవ్ వదినా! ఏండ్ల నుంచి చూస్తున్న. నేనొక పని ముంగటికి తీస్కపోతే నీకు కడుపుమంట!"

నేను నోరు తెరిచేలోపే ఆడబిడ్డ అందుకుంది. "ఆమె నాకేం నేర్పలే. ఆమె నోరు ఇంటే నేన్ కోపానికన్న ఎప్పుడో చేయించుకుందును. నువ్వు ఉల్లిగడ్డ అడిగినవ్ చూడు, గందుకు వద్దంటున్న."

ఆయన చెయ్యి కడుక్కుని, స్కూటర్ తాళాలు తీసుకుని, చెప్పులు టపటపలాడించుకుంటూ పోయాడు. మా ఆయన తన కంచంలోనే చెయ్యి కడుక్కుని, పేపర్ పట్టుకుని ముందు గదిలోకి పోయాడు.

ఆ పట్టీ తర్వాత ఎవరి కడుపులోకీ పోలేదు. మరిది ఇంకో అచ్చు పోయించుకుంటానన్నాడు గానీ దిండ్ల మధ్య దారి ఎట్లా పెట్టాలో ఆయనకు రాదు, నేను చెప్పలేదు. అడగడానికి ఆయనకు నోరు రాలేదు. నేను ఒక మంచి పరికరాన్ని పాడుచేశానని బంధువుల్లో చెప్పుకున్నాడు. పాడుచేయలేదు. పట్టీ మంచిది, ఇప్పటికీ వాదిస్తాను, ఎవరు వచ్చినా సరే. అరగంట కూర్చుని తినగలిగిన మనిషికి అది పనిచేస్తుంది. అట్లాంటి మనిషిని చూపించమన్నాను, అంతే. ఆడబిడ్డ సన్నబడిందా అని అడిగేవాళ్ళున్నారు. లేదు. మోకాళ్ళు తగ్గాయా? లేదు. హెడ్‌మాస్టరుతో పోట్లాడి క్లాసు కింది అంతస్తుకు మార్పించుకుంది. ఆ పోట్లాట ఆమెకు ఎక్కడినుంచి వచ్చిందో నాకు తెలియదు, మా ఇంట్లో పోట్లాటకు కొరతేముంది.

ఆ మధ్యాహ్నం మాత్రం మగవాళ్ళిద్దరూ పోయాక బల్ల మీద ఆడబిడ్డ ఒక్కతే తింటూ కూర్చుంది. అత్తమ్మ ఆమెను చూసి, ఎంగిలి కంచాలను చూసి, చివరికి నన్ను చూసింది. ఆ చూపుకు అర్థం నాకు తెలుసు. ఒక ఆడది కూర్చుంటే ఆమె పని ఇంకో ఆడదాని మీద పడాలి. పట్టీ చేసేటప్పుడు నేనూ ఈ సంగతి లెక్కలోకి తీసుకోలేదు. కంచాలు తీయడానికి రెండడుగులు వేశాను కూడా. అప్పుడు ఒళ్ళు మండింది. ఎవరి మీదో చెప్పలేను, అందరి మీదా.

అలమరలోంచి ఒక కంచం తీసుకుని వచ్చి, మరిది కూర్చున్న కుర్చీ లాక్కుని, ఆయన ఎంగిలి కంచాన్ని మోచేత్తో పక్కకు నెట్టి, అన్నం పెట్టుకుని కూర్చున్నాను. అత్తమ్మ లేచి పోయింది, గొణుగుతూ.

ఆడబిడ్డ నమలడం ఆపింది. "నువ్వెందుకు కూసున్నవ్? నీకెవ్వరు పట్టీ ఏస్తలేరు కద?"

"ఆకలైతుంది."

"అయితే నా ఎదురుంగ కూసోకు. నీ మొఖం చూస్కుంట తింటే నాకు అరగదు."

కంచం తీసుకుని లేచి, ఆమె పక్క కుర్చీలోకి మారాను. మటన్ గిన్నె ఆమె వైపే ఉంది. అడిగితే ఇవ్వదని తెలిసి, ఆమె మీదుగా చెయ్యి చాపి నేనే వేసుకున్నాను. ఆమె జరగలేదు. ఇద్దరం తిన్నాం. ఆమెకు చాలా సేపు పట్టింది, నాకూ పట్టింది.